మా సంఘానికి రెండు ఖాతాలు ఎందుకున్నాయంటే

గుంటూరులో మేము నడుపుతున్న సంఘానికి రెండు బ్యాంకు ఖాతాలు, రెండు రసీదు పుస్తకాలు ఉన్నాయి. ఈ మాట మొదటిసారి విన్నవారు కాస్త అనుమానంగానే చూస్తారు. లెక్కలకు రెండు పుస్తకాలు అంటే మన ఊళ్లలో ఉన్న అర్థం అలాంటిది. మావి రెండూ ఆడిటరు చూసేవే. ఒకటి సేవా కార్యక్రమాలకు సంబంధించినది: వైద్య శిబిరాలకు, వేసవి చలివేంద్రాలకు, పిల్లల ఫీజులకు దాతలు ఇచ్చే విరాళాలు అందులో జమ అవుతాయి. రెండవది హక్కుల పనికి: అర్జీలు, సమాచార హక్కు దరఖాస్తులు, జిరాక్సులు, స్టేషనుకూ కోర్టుకూ తిరిగే ఖర్చులు. ఈ రెండవదానిలోకి సభ్యులు నెలనెలా కట్టే చందా తప్ప మరొక రూపాయి రాకూడదని నియమావళిలోనే రాసుకున్నాం. పల్నాడు వైపు కొత్తగా సంఘం పెట్టుకుంటున్న కొందరు యువకులు ఇది ఎందుకని అడిగారు కాబట్టి వివరంగా రాస్తున్నాను.

సంఘం పెట్టినప్పుడు మా ఆలోచనలో పనులు రెండుగా లేవు. పేటల్లో ఉండే మనిషికి జ్వరం వచ్చినా, స్టేషనులో దెబ్బలు తగిలినా వచ్చి చెప్పుకునే చోటు ఒకటి ఉండాలన్నదే ఉద్దేశం. నడిపిన కొద్దీ తెలిసిందేమిటంటే, ఫిర్యాదు పట్టుకుని నేరుగా వచ్చేవారు చాలా అరుదు. బ్రాడీపేటలోని మా గదికి మెట్లెక్కి వచ్చి తనకు అన్యాయం జరిగిందని మొదలుపెట్టే మనిషి, సాధారణంగా అప్పటికే రెండు మూడు పార్టీల ఆఫీసులు చూసి విసిగి వచ్చినవాడై ఉంటాడు. మిగిలినవారు షుగరు పరీక్షకు వస్తారు, స్కాలర్‌షిప్పు ఫారం నింపించుకోవడానికి వస్తారు, రోహిణీకార్తె ఎండలో మజ్జిగ తాగి పందిరి కింద కాసేపు నిలబడతారు. పని అయిపోయాక కూడా లేవకుండా కూర్చున్నారంటే, అసలు మాట ఇంకా చెప్పలేదని మాకు అర్థమవుతుంది. అందుచేత సేవ జోలికి పోకుండా హక్కుల పని మాత్రమే చేయాలనే వాదన, సభల్లో వినడానికి ఎంత బాగున్నా, నాకు ఎన్నడూ రుచించలేదు.

మిరప తొడిమలు తీసే స్త్రీల సంగతి అలాగే బయటపడింది. గుంటూరు మిర్చి యార్డుకు రోజూ ఎన్ని టిక్కీలు (మిరప బస్తాలు) వచ్చాయో, తేజ రకం ధర ఎంత పలికిందో పేపర్లలో వస్తుంది గానీ, ఆ కాయకు తొడిమ తీసి, తాలు వేరుచేసి, ఎగుమతికి సిద్ధం చేసే చేతుల గురించి రాసేవారు తక్కువ. ఆ పని దాదాపుగా ఆడవాళ్లదే. ముక్కుకు చీరచెంగు బిగించుకుని, ఆ ఘాటులో పొద్దంతా నేల మీద కూర్చుని చేస్తారు. కూలి కిలోల లెక్కన వస్తుంది. చర్మవ్యాధుల శిబిరానికి వచ్చిన కొందరు డాక్టరుగారికి వేళ్లు చూపించి మందు తీసుకున్నాక, మాతో కాటా గురించి చెప్పారు. తాము తీసిన కాయ తూకానికి వచ్చేసరికి తగ్గిపోతున్నదని, తాలు పేరుతో మరికొంత కోత పడుతున్నదని, సీజను చివరి వారాల కూలి మేస్త్రీ దగ్గరే ఆగిపోయిందని వారి ఫిర్యాదు.

చిక్కు ఏమిటంటే, ఆ శిబిరానికి మందులు ఇప్పించిన దాతల్లో ఒకరికి, ఆ స్త్రీలు పనిచేసే గోదాముతోనే వ్యాపార సంబంధం ఉంది. ఆ ఫిర్యాదు మీద మేము అర్జీ ఇచ్చిన మర్నాడే ఆయన ఫోను చేశారు. చాలా మర్యాదగా మాట్లాడారు. "కార్యదర్శిగారూ, మీరు మంచి పనులు చేస్తున్నారనేగా మేము వెనక నిలబడ్డది. మధ్యలో ఈ గొడవలెందుకండీ? మేస్త్రీతో నేను మాట్లాడి ఇవ్వాల్సింది ఇప్పిస్తాను, మీరు ఆ కాగితం వెనక్కి తీసుకోండి" అన్నారు. బెదిరించినవారికి జవాబు చెప్పడం మాకు అలవాటే. ఉపకారం చేసిన మనిషి బతిమాలితే ఏం చెప్పాలో అప్పటికి మాలో ఎవరికీ తెలియదు. కార్యవర్గంలో వాదన తెగలేదు. ఆయన మధ్యవర్తిత్వం చేస్తే డబ్బు తొందరగా చేతికి వస్తుందన్నవారి మాటలో అబద్ధమేమీ లేదు. ఆఫీసుల చుట్టూ తిరిగితే మళ్లీ మిరపకోతలు వచ్చేదాకా తేలదు. చివరకు ఆ స్త్రీలనే అడిగాం. కూలి సంగతి ఆయనే తేల్చినా తమకు అభ్యంతరం లేదని, కాటా సంగతిని మాత్రం తాము వదిలేది లేదని చెప్పారు. ఆ మాట మా ఎవరికీ తట్టలేదు. కూలి తగాదాలో యజమాని ఎవరన్నదే తేలదు: గోదామువారు మేస్త్రీని చూపిస్తారు, మేస్త్రీ వ్యాపారిని చూపిస్తాడు, హాజరు పుస్తకమన్నది ఉండదు. కాటాకు ఆ పేచీ లేదు. దాని మీద తూనికలు కొలతల శాఖ ముద్ర ఉండాలి. ఉంటే ఉంది, లేకపోతే లేదు. కూలి మధ్యవర్తి ద్వారానే వచ్చింది, కాటా ఫిర్యాదు శాఖకు వెళ్లింది, ఆ దాత మళ్లీ మాకు విరాళం ఇవ్వలేదు. ఆ తరువాతి సర్వసభ్య సమావేశంలో రెండు ఖాతాల తీర్మానం చేశాం.

కాగితాల పని గురించి క్లుప్తంగా చెబుతాను. 2001 నాటి ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద ఏడుగురు సభ్యులతో సంఘాన్ని నమోదు చేసుకోవచ్చు. నమోదు తేలిక, ఏటా సర్వసభ్య సమావేశం జరిపి, కార్యవర్గ జాబితాను జిల్లా రిజిస్ట్రారుకు సమర్పించడంలోనే చాలా సంఘాలు చతికిలపడతాయి. కొన్నేళ్లు దాఖలు చేయకుండా వదిలేసి తరువాత కార్యవర్గంలో చీలిక వస్తే, అసలు కార్యదర్శి ఎవరో తేల్చవలసింది జిల్లా కోర్టు అవుతుంది. విరాళాలకు 80జీ రసీదు, అంటే దాతకు పన్ను మినహాయింపు వచ్చే రసీదు, ఇవ్వాలంటే ఆదాయపు పన్ను శాఖ దగ్గర విడిగా నమోదు కావాలి; 2021 నుంచి పాత నమోదులున్నవారు కూడా మళ్లీ చేయించుకోవలసి వచ్చింది. రెండు వేలకు మించిన నగదు విరాళానికి పన్ను మినహాయింపు రాదని దాతకు ముందే చెప్పడం మంచిది, లేకపోతే మార్చి నెలలో మాట పడాల్సి వస్తుంది. దాతల వివరాలతో ఫారం 10బీడీని మే 31 లోగా దాఖలు చేయాలి. ఇదంతా చేసిపెట్టే ఆడిటరు స్నేహితుడైతే మరీ జాగ్రత్తగా ఉండాలి. స్నేహితులు గడువులు మరిచిపోతారు.

ఖాతాలు విడిపోయాక ఇంకొక ప్రశ్న ఎదురైంది: ఏ ఖర్చు ఏ ఖాతాది? ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద నమోదైన ఒక కేసులో సాక్షులకు ఊరి నుంచి కోర్టుకు రావడానికి బస్సు చార్జీలు లేవు. మనుషులు పేదవారు, మొత్తం చిన్నది, సేవా ఖాతాలో డబ్బుంది. ఇచ్చేద్దామన్నారు మా మిత్రులు. నేను వద్దన్నాను. ఆ చట్టం కింద వచ్చిన 1995 నియమాల్లో 11వ నియమం ఉంది. బాధితులకు, వారి మీద ఆధారపడినవారికి, సాక్షులకు విచారణకు వచ్చి వెళ్లే ప్రయాణ ఖర్చులు, దినభత్యం ప్రభుత్వమే ఇవ్వాలని, అదీ వెంటనే గాని మూడు రోజుల్లోగా గాని చెల్లించాలని అందులో ఉంది. ఈ నియమం సంగతి కేసు నడుపుతున్నవారిలో కూడా చాలామంది ఎత్తరు. చార్జీలు మేము ఇచ్చేస్తే సాక్షి కోర్టుకు వస్తాడు, కేసు నడుస్తుంది, అందరూ సంతోషిస్తారు. 11వ నియమం మాత్రం పుస్తకంలోనే ఉండిపోతుంది, తరువాతి సాక్షికి మా వంటి సంఘం దొరకకపోతే అతను కోర్టుకు రాడు. హక్కుగా రావలసినదాన్ని మనం దానంగా ఇచ్చిన ప్రతిసారీ, ఇవ్వవలసినవాడు ఇక అడిగేవాడు లేడని నిశ్చింతగా ఉంటాడు. అలాగని సాక్షిని బస్టాండులో నిలబెట్టలేం కదా. సభ్యుల చందాలోంచి చేబదులుగా ఇచ్చాం, ఆ రోజే భత్యం కోసం అతని చేత దరఖాస్తు పెట్టించాం, డబ్బు వచ్చాక తిరిగి జమ చేసుకున్నాం. రావడానికి మూడు రోజులకు బదులు నెలలు పట్టిన మాట నిజమే.

మందుల విషయంలో ఇంత కచ్చితంగా ఉండలేము. ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితంగా ఇవ్వవలసిన మందు లేదని చీటీ రాసి బయట కొనుక్కోమంటే, నియమాలు వల్లిస్తూ రోగిని కూర్చోబెట్టడం అమానుషం. కొని ఇస్తాం. అయితే ఆ చీటీ నకలు తీసుకుని, నెలకొకసారి అన్నీ కలిపి, ఏ మందు ఎన్ని రోజులు లేదో వివరంగా రాసి పైఅధికారులకు పంపుతాం. జవాబు రాకపోతే సమాచార హక్కు కింద పది రూపాయలతో దరఖాస్తు పెట్టి కొనుగోళ్ల వివరాలు అడుగుతాం. ముప్ఫై రోజుల గడువు దాటితే అప్పీలు. ఆ మాత్రం పని చేయకపోతే మేము ఆసుపత్రి ముందు ఇంకొక మందుల దుకాణం అవుతాం, అంతే.

హక్కుల ఖాతా చందా మీదే నడవాలనడానికి కాలం సంగతి మరొక కారణం. శిబిరం ఒక ఆదివారంతో అయిపోతుంది. కేసు అలా అవదు. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిదిమంది దళితులను చంపారు. అప్పట్లో ఆ ఊరు మా జిల్లాలోదే. ఇప్పుడు బాపట్ల జిల్లాలో ఉంది. ఆ ఊళ్లోనే ప్రత్యేక న్యాయస్థానం పెట్టాలని బాధితులు పట్టుపట్టి సాధించుకున్నారు. అక్కడి తీర్పు 2007లో వచ్చింది. 21 మందికి యావజ్జీవ శిక్ష పడింది. 2014 ఏప్రిల్‌లో హైకోర్టు ఆ శిక్షలన్నీ కొట్టివేసింది, ఆ తరువాత విషయం సుప్రీంకోర్టుకు వెళ్లింది. మృతులను పాతిపెట్టిన చోటును రక్తక్షేత్రమంటారు. ఏటా ఆగస్టు 6న అక్కడికి వెళ్లేవారిలో ఆ నాటికి పుట్టనివారు ఇప్పుడు ఎంతోమంది. మొదటి తీర్పుకే పదహారేళ్లు పట్టిన వ్యవహారానికి ఏ దాత పదహారేళ్లు విరాళమిస్తాడు? ఇవ్వడు, ఇవ్వాలని ఆశించడం కూడా న్యాయం కాదు. నెలకు వంద రూపాయలు కట్టే మనిషి ఇస్తాడు. కట్టడం మానేసిన నెలలో మేమే ఇంటికి వెళ్లి అడుగుతాం, ఆ వంకన కేసు ఎంతవరకు వచ్చిందో అతనూ అడుగుతాడు.

రోజువారీ పనిలో మేము పట్టుబట్టే విషయం కాగితం. సోమవారం కలెక్టరేట్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదికకు వెళ్లినా, స్టేషనుకు వెళ్లినా, నోటిమాటగా చెప్పి రావద్దని ప్రతి మనిషికీ చెబుతాం. ఎఫ్ఐఆర్ నకలు ఫిర్యాదుదారుకు ఉచితంగా ఇవ్వాలి; 2024 జూలై 1 నుంచి పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ స్థానంలో అమలులోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్‌లోనూ ఆ నియమం ఉంది. కేసు కట్టకపోతే ఫిర్యాదును రాతపూర్వకంగా ఎస్పీకి పోస్టులో పంపవచ్చు. పోస్టాఫీసు రసీదును ఫైలులో పెట్టడం మరిచిపోకూడదు. వకీలును పెట్టుకునే స్తోమత లేనివారిని జిల్లా న్యాయసేవాధికార సంస్థకు పంపుతాం. 1987 నాటి చట్టం ప్రకారం స్త్రీలకు, పిల్లలకు, ఎస్సీ, ఎస్టీలకు, కస్టడీలో ఉన్నవారికి ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయసహాయం అందాలి. న్యాయసహాయ హెల్ప్‌లైన్ 15100కు ఫోను చేసినా చాలు. తొడిమలు తీసే ఆ స్త్రీలకు ఇది చెప్పినప్పుడు, ఉచితమంటే మనసు పెట్టి వాదిస్తారా అని ఒకామె అడిగింది. వకీలును బట్టి ఉంటుందని నిజమే చెప్పాం.

సంఘం లోపలి సంగతి కూడా చెప్పాలి. రక్తదాన శిబిరానికి, అన్నదానానికి ముందుకు వచ్చే సభ్యుల కులాలు వేరు, అట్రాసిటీ కేసులో స్టేషనుకు వెళ్లే సభ్యుల కులాలు వేరుగా ఉంటూ వచ్చాయి. ఎవరూ అలా నిర్ణయించలేదు, అయినా అలాగే జరిగింది. ఫొటోలు వరుసగా పెట్టి చూస్తే ఎవరికైనా కనిపిస్తుంది. ఇప్పుడు పనులకు వంతులు వేస్తున్నాం: వైద్య శిబిరం చూసుకున్నవారు తరువాతి నెలలో అర్జీల వంతు తీసుకోవాలి. ఇద్దరు మానేశారు. ఫొటోల మీద కూడా కట్టుబాటు పెట్టాం, సాయం తీసుకుంటున్నవారి ముఖం కనపడే ఫొటో తీయకూడదని. దాతలకు నచ్చదు. ఎన్నికలలో పోటీ చేయదలచినవారు నామినేషనుకు ముందే కార్యవర్గం నుంచి తప్పుకోవాలన్న నియమం మాత్రం అందరికీ నచ్చింది, బహుశా ఎదుటివారికి వర్తిస్తుందని అనుకున్నందువల్ల కావచ్చు.

ప్రస్తుతం ఉన్న సమస్య డబ్బే. సేవా ఖాతాలో నిలవ ఉంటుంది, హక్కుల ఖాతా ప్రతి నెలాఖరుకూ అడుగంటుతుంది. అందుచేత, చందాను రెట్టింపు చేయడమో, లేదా వ్యక్తుల నుంచి పరిమితికి లోబడి విరాళాలు తీసుకోవడమో ఏదో ఒకటి చేయాలని మా కోశాధికారిగారు ప్రతిపాదించారు. ఆమె లెక్కలో తప్పు లేదు. విరాళాలకు తలుపు తీయడానికి నేను ఒప్పుకోను. పరిమితి ఎంత పెట్టినా, దాన్ని పెంచమని అడిగే మొదటి ఫోను ఎవరి దగ్గర నుంచి వస్తుందో నాకు తెలుసు. చందా పెంచితే, ఆ కాటా వ్యవహారం తరువాత సభ్యులుగా చేరిన కూలి స్త్రీలు భరించలేరు. మిరప సీజను లేని నెలల్లో వారి దగ్గర చందా తీసుకోకుండా, అలాగని వారి ఓటు హక్కు పోకుండా ఒక సవరణ రాసి కార్యవర్గానికి ఇచ్చాను. వచ్చే సర్వసభ్య సమావేశంలో కోశాధికారిగారిదీ నాదీ రెండు ప్రతిపాదనలూ ఓటుకు వస్తాయి.