పసుపు గొట్టం కనబడేదాకా

జనవరి, మూడో శుక్రవారం. ఫోర్ట్ మెక్‌మర్రీ, కెనడా.

ఉదయం ఆరు గంటలకు యార్డులో మైనస్ 34 డిగ్రీలు. బాయిలర్ వెలిగించి, నీళ్ళ గొట్టాలలో ఎక్కడా మంచు పట్టలేదని చూసుకొని, వేడినీళ్ళు చిమ్మి మట్టిని కరిగించి, ఆ బురదను గొట్టంతో ట్యాంకులోకి పీల్చే హైడ్రోవ్యాక్ బండితో బయలుదేరేసరికి ఏడున్నర అయింది. తెల్లవారడానికి ఇంకా గంట పైగా ఉంది.

పని ఊరికి ఉత్తరాన, 63వ నంబరు రహదారి పక్కన. కొత్త కేబులు కోసం తవ్వబోయే కాలువకు అడ్డంగా ఒక గ్యాసు పైపు వెళుతోంది. కాలువ తవ్వే యంత్రం రాకముందే మేము దాన్ని కంటికి కనబడేలా బయటపెట్టాలి. ఇక్కడి చిత్తడి నేలను మస్కెగ్ అంటారు. వేసవిలో బరువైన బండి వెళితే అందులో దిగబడిపోతుంది కనుక ఇలాంటి పనులు చాలావరకు నేల గడ్డకట్టిన నెలలలోనే జరుగుతాయి.

కింద గ్యాసు పైపు ఉందని చెప్పే పసుపు జెండాలు వరుసగా పాతి ఉన్నాయి. కాలువ తవ్వే కంపెనీ సూపర్‌వైజర్ వాటిని చూపించి, గుర్తులు ఉన్నాయి కదా, దగ్గరిదాకా యంత్రంతోనే తవ్వేస్తే పూట కలిసివస్తుంది అన్నాడు. నేను ఒప్పుకోలేదు. గడ్డకట్టిన నేల యంత్రం బకెట్ పళ్ళకు మట్టిలా రాలదు, పెద్ద పెద్ద పెళ్ళలుగా లేస్తుంది. ఆ పెళ్ళకు పైపు అతుక్కొని ఉంటే అదీ లేస్తుంది, లోపల కూర్చున్నవాడి చేతికి ఆ తేడా తెలియదు.

వేడినీళ్ళు చిమ్మే పొడుగాటి గొట్టం, వాండ్, నేను పట్టుకున్నాను. నాజిల్‌ను ఒక్కచోట నిలపకుండా అటూ ఇటూ ఆడిస్తూ ఉంటే, ముందు నాచు, తరువాత కుళ్ళిన నాచుతో ఏర్పడిన నల్లని పీటు మట్టి, దాని కింద బూడిదరంగు బంకమన్ను కరిగి, పక్కనే దించిన పెద్ద గొట్టంలోకి గులకరాళ్ళ చప్పుడుతో వెళ్ళిపోయాయి. ఆవిరికి ఎదురుగా ఉన్న మనిషి కనబడలేదు. చేతి తొడుగు మీద పడిన తుంపర అక్కడే గాజులా బిగుసుకుపోయింది. జెండా కింద ఎంత లోతుకు వెళ్ళినా పైపు లేదు. గొయ్యిని పక్కకు పెంచుకుంటూ పోగా, దాదాపు 60 సెంటీమీటర్ల అవతల పసుపు రంగు తళుక్కుమంది. నీళ్ళు ఆపించి, వంగి చూశాను: పై పూత మీద ఒక్క గీత కూడా లేదు. ఆ నిమిషంలో నాకు కలిగిన సంతోషం ఇంత అని చెప్పలేను.

నేను కోనసీమలో పుట్టాను. నాలుగు గడ్డపార పోట్లకే నీరూరే నేల మాది, కొబ్బరితోటల కింద గ్యాసు పైపులు ఉన్న నేల కూడా. 2014 జూన్ 27 తెల్లవారుజామున కోనసీమలోనే నగరం అనే గ్రామంలో పైపు నుంచి లీకైన గ్యాసు అంటుకొని ఇరవైమందికి పైగా చనిపోయారు. అది తవ్వకం వల్ల జరిగిన ప్రమాదం కాదు. అయినా భూమిలో ఉన్న పైపును కంటితో చూడకుండా నమ్మడం ఆనాటి నుంచి నా వల్ల కావడం లేదు. ఇక్కడివాళ్ళు మా పనిని డేలైటింగ్ అంటారు, అంటే పైపును పగటి వెలుగులోకి తేవడం. ఆ మాట నాకెంతో ఇష్టం.

నాలుగున్నరకే పొద్దు గుంకింది. ట్యాంకులోని బురద గడ్డకట్టకముందే పారబోసి, గొట్టాలలో నీటిబొట్టు మిగలకుండా గాలి కొట్టాలి. అంతకుముందే గొయ్యి మీద చెక్క పలక కప్పి, చుట్టూ కంచె కట్టి, తప్పుచోట ఉన్న జెండాలు తీయించి, పైపు ఉన్నచోట కొయ్య పాతి, దాని మీద లోతు 1.4 మీటర్లని పెద్ద అంకెలతో రెండుసార్లు దిద్ది వచ్చాను. ఉదయం యంత్రం నడిపేవాడు చీకట్లోనే వస్తాడు.