36 బార్లు, 5 స్కేళ్లు: జాజ్ కార్డ్స్‌తో నా అనుభవం

కీబోర్డ్ మీద సినిమా పాటలకి కార్డ్స్ (ఒకేసారి మోగే స్వరాల గుంపులు) పట్టుకోవడం ఎప్పట్నుంచో అలవాటే, కానీ జాజ్‌లో సోలో (పాట కార్డ్స్ మీద అప్పటికప్పుడు అల్లుకునే వాయింపు) వాయిద్దామని కూర్చున్న మొదటి రోజే ఇరుక్కుపోయా. తీసుకున్న పాట ఆల్ ద థింగ్స్ యూ ఆర్, జెరోమ్ కెర్న్ 1939లో ఒక మ్యూజికల్‌కి కట్టిన ట్యూన్. నాదేమో కర్ణాటక సంగీతం విని పెరిగిన చెవి, ఒక షడ్జం దొరికితే దాన్నే పట్టుకుని ఉంటుంది, ఈ పాట ఆ షడ్జాన్నే మార్చేస్తూ పోతుంది. ఏ ఫ్లాట్‌ని షడ్జంగా పెట్టుకుని హాయిగా వాయిస్తుంటే ఆరో బార్లో (బార్ అంటే పాటలో తాళం ఒక చుట్టు) జీ సెవెన్ అనే కార్డ్ వచ్చేది, నా ఏ ఫ్లాట్, డి ఫ్లాట్ రెండూ చెవిలో గుచ్చుకునేవి.

మొదట్లో ప్రతి కార్డ్ కింద ఒక స్కేల్ పేరు రాసుకున్నా. రెండు వారాలు వేళ్లు పరిగెత్తాయి తప్ప సంగీతం రాలేదు. తర్వాత ఆ కాగితం పక్కన పెట్టేసి, పాట ఎక్కడెక్కడికి వెళ్లి కూర్చుంటోందో అవి మాత్రమే గుర్తుపెట్టా: ఏ ఫ్లాట్, సి, ఈ ఫ్లాట్, జీ, బ్రిడ్జ్‌లో (పాట మధ్యలో ట్యూన్ మారే భాగం) మళ్లీ జీ, తర్వాత ఈ, చివరికి ఇంటికి, అంటే ఏ ఫ్లాట్‌కి. మొదటి నాలుగూ కలిపి వాయిస్తే ఏ ఫ్లాట్ మేజర్ సెవెన్ కార్డే! అది వినగానే ఒళ్లు జలదరించింది, నిజంగా.

ఇంకోటి, మెలడీలో నిలబడే స్వరాలు చాలావరకు ఆయా కార్డ్‌కి థర్డే (కార్డ్ మూల స్వరం నుంచి లెక్కిస్తే మూడోది; సెవెన్త్ అంటే ఏడోది). అందుకే కుడిచేత్తో థర్డ్, సెవెన్త్ తప్ప ఏదీ వేయకూడదని పెట్టుకుని మెట్రోనోమ్ (తాళం కొట్టే పరికరం) నిమిషానికి 60 దెబ్బల్లో పెట్టి వాయించా. ఎఫ్ మైనర్ సెవెన్‌లో ఉన్న ఈ ఫ్లాట్ ఒక్క మెట్టు దిగి డి ఫ్లాట్ అవుతుంది, అదే బి ఫ్లాట్ మైనర్‌కి థర్డ్, ఏ ఫ్లాట్ మాత్రం కదలకుండా సెవెన్త్ అయిపోతుంది.

అన్నిటికంటే నాకిష్టమైంది బ్రిడ్జ్ చివర. ఈ మేజర్ సెవెన్ మీద మెలడీ జీ షార్ప్‌లో ఆగుతుంది, అదే నల్ల మెట్టు ఎఫ్ మైనర్‌కి వచ్చేసరికి ఏ ఫ్లాట్, వేలు ఎత్తక్కర్లేదు. డి షార్ప్ కూడా ఈ ఫ్లాట్‌గా అక్కడే ఉంటుంది, కదిలేవి రెండే, ఈ నుంచి ఎఫ్‌కి, బి నుంచి సి కి. మధ్యలో వచ్చే సి సెవెన్ షార్ప్ ఫైవ్‌లోనూ అదే జీ షార్ప్ ఉంది కాబట్టి మూడు కార్డ్స్‌నీ ఆ ఒక్క స్వరమే కలిపి పట్టుకుంటుంది, ఇప్పుడు నా సోలోలో కూడా అక్కడ దాన్నే పట్టుకుని ఆగుతున్నా.

చివరి భాగం మిగతా మూడు భాగాల్లా 8 బార్లు కాదు 12, అక్కడ ఇంకా లెక్క తప్పుతున్నా. బేస్ డి ఫ్లాట్, సి, బి, బి ఫ్లాట్ అని వరసగా దిగే చోటు నోటితో పాడుకుంటూ వాయిస్తున్నా ఈ వారమంతా.