ఇరవై రెండు, పద్నాలుగు, తొమ్మిది

చెప్పు ఊడిపోయిన సంగతి నాకు తెలియలేదు. మెట్లెక్కి ఆఫీసులో కుర్చీలో కూర్చున్నాక, నా వెనకాలే వచ్చిన కుర్రాడు ఎడమకాలి చెప్పు పట్టుకొచ్చాడు. "కింద మెట్టు మీదే వదిలేశారు సార్" అన్నాడు. ఇద్దరం నవ్వుకున్నాం. అప్పటికి రెండు రోజులుగా అరికాళ్లు తిమ్మిరిగా ఉన్నాయి. అంతకు రెండు వారాల ముందు విరేచనాలు పట్టుకుని మూడు రోజుల్లో తగ్గాయి. ఈ రెండింటికీ లంకె ఉంటుందని ఎవరనుకుంటారు?

మర్నాడు మెట్ల మీద మోకాళ్లు మడతపడ్డాయి. ఆ మర్నాడు నీళ్ల జగ్గు ఎత్తలేకపోయాను. ఆసుపత్రిలో డాక్టరు చిన్న సుత్తితో మోకాలి చిప్ప కింద కొట్టారు. కాలు ఎగరలేదు. ఇంకోసారి కొట్టారు. నేను సాయం చేద్దామని కాలు విసరబోయాను, అదీ కుదరలేదు. గులియన్ బారే సిండ్రోమ్ అన్నారు. జీబీఎస్ అంటారట. ఏడాదికి లక్ష మందిలో ఒకరికో ఇద్దరికో వస్తుంది. ఏదో సూక్ష్మజీవి మీద పోరాడటానికి ఒళ్లు తయారు చేసుకున్న యాంటీబాడీలు దారి తప్పి సొంత నరాల మీదే పడతాయి. విరేచనాలు తెచ్చే కాంపైలోబ్యాక్టర్ అనే బ్యాక్టీరియా చాలామందిలో దీనికి మూలం. నా విరేచనాలకి కారణం అదేనేమో, ఎవరూ పరీక్ష చేయలేదు.

చేరిన సాయంత్రం ఒక సిస్టర్ వచ్చి, "గట్టిగా ఊపిరి తీసుకుని, మధ్యలో ఆపకుండా ఒకటి నుంచి లెక్కపెట్టండి సార్" అంది. చిన్నపిల్లల ఆటలా అనిపించింది. ఇరవై రెండు దాకా వెళ్లాను. రాసుకుంది. రాత్రి పదింటికి మళ్లీ అడిగితే పద్నాలుగు. నిద్రమత్తు అనుకున్నాను. రెండింటికి లేపి అడిగింది. తొమ్మిది దగ్గర గొంతు ఆగిపోయింది.

డ్యూటీలో ఉన్న కుర్ర డాక్టరు రక్తంలో ఆక్సిజన్ కొలవడానికి నా వేలికి తగిలించిన మిషన్ చూసి, "శాచురేషన్ 97 ఉంది కదా, పొద్దున చూద్దాం" అన్నాడు. నాకూ అదే సబబనిపించింది. మాట్లాడుతున్నాను, ఆయాసం లేదు. ఆవిడ మాత్రం ఒప్పుకోలేదు. గొంతు పెంచకుండా, "సార్, ఇరవై రెండు, పద్నాలుగు, తొమ్మిది" అని మూడంకెలు చదివింది. పెద్ద డాక్టరుకి తనే ఫోన్ చేసింది. తరవాత తెలిసిందేమంటే, ఊపిరి కండరాలు అలిసిపోతున్నప్పుడు ఆక్సిజన్ అంకె చిట్టచివర పడుతుందట. మిషన్ బాగుందని చెబుతూ ఉండగానే మనిషి ఆగిపోవచ్చు. తెల్లవారుజామున మూడున్నరకి నా గొంతులో ట్యూబు వేశారు. అప్పటికి ఇంకా తీరిగ్గా వేసే టైముంది. పొద్దున దాకా ఆగితే ఉండేదో లేదో.

మందు సంగతి రెండు ముక్కల్లో చెప్పేస్తాను. ఇమ్యునోగ్లోబ్యులిన్, కిలో బరువుకి 0.4 గ్రాములు, ఐదు రోజులు. నేను 70 కిలోలు, కాబట్టి రోజుకి 28 గ్రాములు. వేలమంది దాతల ప్లాస్మా నుంచి తీస్తారు దాన్ని. ముఖం తెలియని అంతమంది నాలోకి బొట్టుబొట్టుగా దిగారు. అంతే, ఆ పైన డాక్టర్లు చేయగలిగింది ఎదురుచూడటమే. నాలుగు వారాల్లోపు జబ్బు ముదరడం ఆగుతుంది, తరవాత నెమ్మదిగా వెనక్కి వస్తుంది. ఆ మధ్యకాలమంతా మనిషిని చెడిపోకుండా కాపాడాలి. కాపాడే పని ఎవరిదో నాకు అక్కడే అర్థమైంది.

ఇరవై మూడు రోజులు వెంటిలేటర్ మీద ఉన్నాను. చేతులు, కాళ్లు, ముఖం ఏదీ కదలదు. కనురెప్పలు కూడా పూర్తిగా పడవు. రాత్రిళ్లు కంట్లో ఆయింట్‌మెంట్ వేసి, రెప్పల మీద టేపు అంటించేవారు, లేకపోతే కార్నియా, అంటే నల్లగుడ్డు మీది పారదర్శక పొర, ఎండిపోతుంది. కానీ అంతా వినిపిస్తుంది, అంతా తెలుస్తుంది. దుప్పటి బరువుకి కూడా కాళ్లు మండిపోయేవి. "పాపం, ఫీలింగ్ ఉండదు కదా" అని నా మంచం పక్కనే ఎవరో అన్నారోసారి. కదలకపోవడం వేరు, తెలియకపోవడం వేరు. డ్యూటీ మారేటప్పుడు ఒక సిస్టర్ ఇంకో సిస్టర్‌కి అప్పగింతలు చెబుతూ, బీపీ, యూరిన్ అంకెలకంటే ముందు, "ఈయనకి అన్నీ వినపడతాయి, చెప్పి ముట్టుకో" అనేది. ఆ ఒక్క వాక్యం చెప్పిన రోజుకీ చెప్పని రోజుకీ తేడా నా ఒంటికి తెలిసేది. చెప్పిన రోజు కఫం లాగే సక్షన్ ట్యూబు పెట్టే ముందు, "దగ్గొస్తుంది సార్, పది సెకన్లే" అనేవారు. పది సెకన్లని తెలిస్తే దేన్నైనా ఓర్చుకోవచ్చు.

కనుగుడ్లు మాత్రం తిరిగేవి. పైకి చూస్తే అవును, పక్కకి చూస్తే కాదు. అట్ట మీద అక్షరాలు రాసి తెచ్చింది ఒక చిన్న సిస్టర్. తెలుగులో ఈ పని ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. ముందు వరస అడగాలి: క వరసా, చ వరసా, ట వరసా, త వరసా? పైకి చూశాను. తా, థా, దా? పైకి. ఇప్పుడు గుణింతం: తలకట్టా, దీర్ఘమా, గుడా, గుడిదీర్ఘమా, కొమ్మా? పైకి. 'దు' అయింది. ఇంకా 'ర' ఉంది, మళ్లీ 'ద' ఉంది. "దురదా!" అని తనే ఎగిరి, "ఎక్కడ సార్?" అంది. మళ్లీ మొదలు. ముక్కు అని చెప్పాలంటే ఒత్తు పెట్టాలి. చివరికి ఒత్తులు ఉండవని ఇద్దరం ఒప్పందానికి వచ్చాం. ఆ ముక్కు గోకినప్పుడు కలిగిన సుఖం ఇంతవరకు ఇంకే సుఖంతోనూ పోల్చలేను.

పదకొండో రోజున గొంతుకి రంధ్రం చేయడానికి ఆపరేషన్ థియేటర్‌కి తీసుకెళ్లారు. దారిలో వెంటిలేటర్ లేదు, ఒక సిస్టర్ రబ్బరు సంచి నొక్కుతూ పక్కన నడిచింది. లిఫ్ట్ రావడానికి ఆలస్యమైంది. ఆవిడ చెయ్యి ఎంత ఎడంతో మూసుకుంటే నాకు అంత ఎడంతో ఊపిరి. 1952లో కోపెన్‌హాగెన్‌లో పోలియో విజృంభించినప్పుడు వైద్య విద్యార్థులు వంతులవారీగా, వారాల తరబడి, ఇలాగే చేతులతో సంచులు నొక్కి పక్షవాతం వచ్చినవాళ్లకి ఊపిరి పోశారని ఇంటికొచ్చాక చదివాను. సుమారు 1,500 మంది. ఐసీయూ అనే గది పుట్టింది ఆ చేతుల నుంచే అంటారు. చదువుతుంటే నాకు లిఫ్ట్ ముందు నిలబడ్డ ఆవిడ గాజుల్లేని మణికట్టు గుర్తొచ్చింది.

పైకప్పు తప్ప ఏమీ కనపడనివాడికి చెవులే కళ్లు. మంచం చివర తగిలించిన శానిటైజర్ సీసా నొక్కితే ఒక చప్పుడొచ్చేది. ఎవరు నొక్కారో, ఎవరు నొక్కలేదో లెక్కపెట్టడం నా కాలక్షేపం. చేతులు కడుక్కుంటే ప్రసవ వార్డులో చావులు తగ్గుతాయని వియన్నాలో సెమ్మెల్‌వైస్ అనే డాక్టరు 1847లోనే చూపించాడు. అయినా ఒక పొద్దున రౌండ్లలో పెద్ద డాక్టరు పక్క మంచం మీది రోగి పుండు చూసి, నేరుగా నా గొంతు ట్యూబు వైపు వచ్చారు. చప్పుడు రాలేదు. నేను కళ్లు పక్కకి తిప్పాను, కాదు కాదు అని. ఎవరు చూస్తారు? అక్షరాల అట్ట సిస్టర్ ఒక్క మాటా అనకుండా సీసా తెచ్చి ఆయన చేతికిందుగా పట్టుకుని నిలబడింది. ఆయన ఒక్క క్షణం ఆగారు. చప్పుడొచ్చింది. ఆ గదిలో అంత ధైర్యం ఇంకెవరూ చేయడం నేను వినలేదు.

ఇక ఆ రాత్రి సంగతి. కదలలేని మనిషిని రెండు గంటలకోసారి పక్కకి తిప్పాలన్నది ఆ వార్డు రూలు. ఎముకకీ పరుపుకీ మధ్య నలిగిన చోట రక్తం ఆడక చర్మం చచ్చిపోతుంది. ఆ రాత్రి మూడు వెంటిలేటర్లకి ఒక్కరే సిస్టర్. పక్క మంచం మీది ఆయన గుండె ఆగింది, అందరూ అటే. అలారాలు, పరుగులు, ఎవరిదో ఏడుపు. రాత్రి పదకొండింటి తరవాత నన్నెవరూ తిప్పలేదు. నడుం కింద త్రికాస్థి అనే ఎముక దగ్గర మొదట నొప్పి, తరవాత మంట, ఆ తరవాత ఏదో మొద్దుబారిన వెచ్చదనం. పొద్దున నన్ను తిప్పినప్పుడు పగటి సిస్టర్ వేలితో నొక్కి చూసి, "ఎరుపు పోవట్లేదు" అంది. చార్టు తీసి చూసింది. ఒంటిగంటకి, మూడింటికి, అయిదింటికి టిక్కులున్నాయి.

జబ్బు తగ్గింది కానీ అక్కడ పడ్డ పుండు మానడానికి రెండున్నర నెలలు పట్టింది. కూర్చుని ఫిజియోథెరపీ చేయాల్సిన రోజుల్లో కూర్చోలేకపోయాను. తప్పుడు టిక్కు పెట్టడం తప్పే, అందులో రెండో మాట లేదు. కానీ ఆ రాత్రంతా ఆవిడ అడుగుల చప్పుడు విన్నవాణ్ణి నేను. ఒక్కసారి కూడా కూర్చోలేదు. 2002లో అమెరికాలోని పెన్సిల్వేనియా ఆసుపత్రుల్లో లెక్క తీశారు: నర్సుకి ఒక్క రోగి అదనంగా పెరిగినప్పుడల్లా, ఆపరేషన్ అయినవాళ్లు నెలలోపు చనిపోయే అవకాశం ఏడు శాతం చొప్పున ఎక్కువగా కనిపించింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2023లో ప్రపంచానికి ఇంకా 58 లక్షల మంది నర్సులు కావాలి. ఆ లోటులో ఒకరు ఆ రాత్రి నా మంచం పక్కన ఉండాల్సినవారు.

వచ్చిన దారినే వెనక్కి వెళ్లింది జబ్బు. ముందు ఊపిరి, తరవాత భుజాలు, చేతులు, చిట్టచివర పాదాలు. గొంతు ట్యూబు తీసేసిన రోజు ఎవరూ అడగకుండానే లెక్కపెట్టాను. ఆరు. మా తమ్ముడు తలుపు దగ్గర నిలబడి ముఖం అటు తిప్పుకున్నాడు. ఏడో నెలలో కర్ర వదిలేశాను. ఎడమ పాదం ఇప్పటికీ సగమే తెలుస్తుంది, అందుకే వెనక పట్టీ ఉన్న చెప్పులే వేసుకుంటాను.

కుదురుగా రాయగలిగాక మొదట రాసింది ఆసుపత్రికి ఉత్తరం. రాత్రి డ్యూటీలో మూడు వెంటిలేటర్లకి ఒక్కరిని వేశారని, దాంతో ఏమైందో వివరంగా రాశాను. పది రోజుల్లో జవాబొచ్చింది. జరిగినదానికి చింతిస్తున్నామని, తగిన చర్య తీసుకోవడానికి ఆ నర్సు పేరు తెలియజేయమని. పేరు రాయలేదు. ఆ రాత్రి ఎన్ని మంచాలున్నాయి, ఎంతమంది డ్యూటీలో ఉన్నారు, ఈ రెండంకెలు మాత్రం మళ్లీ రాసి పంపాను. దానికి జవాబు రాలేదు. మొన్న మూడోసారి పంపాను.