కర్ర విమానానికి కప్పిన బట్ట

లండన్ సెయింట్ పాంక్రాస్ నుంచి సెయింట్ ఆల్బన్స్‌కు రైలులో అరగంట కూడా పట్టదు కానీ, ఆ కాస్త దూరానికి చెల్లించిన డబ్బుతో మన వైపు నరసాపురం నుంచి హైదరాబాదు వెళ్ళి తిరిగి రావచ్చు. ఆదివారం కావడంతో బస్సు ఎంతకీ రాలేదు. చివరికి టాక్సీ మాట్లాడుకొని, విమానాల మ్యూజియం ఉన్న సాలిస్‌బరీ హాల్ చేరేసరికి మనసంతా చికాకుగా ఉంది.

చుట్టూ కందకమున్న ఈ పాత భవంతికి 1939లో బ్రిటిష్ విమానాల కంపెనీ డి హావిలాండ్ తన డిజైనర్లను తరలించింది. రోనాల్డ్ బిషప్ బృందం ఇక్కడే, రెండో ప్రపంచయుద్ధంలో వాడిన మస్కిటో అనే కర్ర విమానానికి రూపకల్పన చేసి, పైనుంచి చూసేవారికి ధాన్యపు కొట్టంలా కనిపించే షెడ్డులో మొదటి నమూనాను తయారుచేసింది. 1940 నవంబరు 25న హాట్‌ఫీల్డ్‌లో జెఫ్రీ డి హావిలాండ్ జూనియర్ తొలిసారి ఎగిరించిన ఆ విమానం, డబ్ల్యు 4050, పసుపుపచ్చ రంగుతో ఇప్పుడు ఇక్కడి హ్యాంగర్‌లోనే ఉంది. దాన్ని చూడగానే చికాకు పోయింది.

అక్కడ స్వచ్ఛందంగా పనిచేసే ఒక పెద్దాయన నా చేతిలో చిన్న చెక్కముక్క పెట్టారు. రెండు పల్చని బర్చ్ ప్లైవుడ్ పొరల మధ్య, ఈక్వెడార్ నుంచి వచ్చే తేలికైన బాల్సా కర్ర. విమానం ఒడలిని పొడవునా రెండు దొప్పలుగా అచ్చుల మీద చేసి, లోపలి తీగలూ గొట్టాలూ చాలావరకు అమర్చాక, రెండింటినీ జిగురుతో అతికించేవారట. అల్యూమినియానికి కరవొచ్చిన ఆ రోజుల్లో బల్లలు, బీరువాలు చేసే వడ్రంగులు యుద్ధ విమానాలు చేశారన్న మాట నన్ను కదిలించింది. తుపాకులు లేని బాంబరును నమ్మని అధికారులే ఎక్కువ. బ్రిటిష్ వైమానిక దళ ఉన్నతాధికారి విల్‌ఫ్రిడ్ ఫ్రీమన్ పట్టుబట్టి దాన్ని నిలబెట్టారు. రెండు మెర్లిన్ ఇంజన్లు, ఇద్దరు మనుషులు, వేగమే రక్ష. ఫొటోలు తీయడానికీ, బాంబులు వేయడానికీ, రాత్రిపూట రాడార్‌తో శత్రువును వేటాడడానికీ, స్వీడన్ నుంచి బాల్ బేరింగులు తేవడానికీ ఇదే విమానం పనికొచ్చింది. 1943లో భౌతికశాస్త్రవేత్త నీల్స్ బోర్‌ను బ్రిటన్‌కు చేర్చింది కూడా దీని బాంబుల అరలోనే. మొత్తం 7,781 తయారయ్యాయి.

మన ప్రాంతపు వాతావరణం మాత్రం దీన్ని గట్టిగా పరీక్షించింది. బర్మా యుద్ధరంగం కోసం భారతదేశానికి వచ్చిన మస్కిటోల రెక్కల అతుకులు విడిపోయి, కొన్ని ప్రమాదాలు జరిగాక, 1944 నవంబరులో వాటిని ఎగరకుండా నిలిపివేయవలసి వచ్చింది. తయారీలోనే సరిగా కుదరని అతుకులకు ఎండా తేమా తోడయ్యాయి. ఆ తరువాత రెక్కమీది అతుకు వెంబడి ప్లైవుడ్ పట్టీ వేసి బలపరిచారు.

కర్ర మీద రంగు నేరుగా వేశారా అని అడిగాను. కాదట, ముందు సన్నటి నూలుబట్ట అతికించి, దాని మీద డోప్ అనే, బట్టను బిగుతుగా చేసే వార్నిష్ లాంటి పూత పూసేవారట. ఆ బట్ట మడపోలం! నేను ఆయన మాట మళ్ళీ అడిగి విన్నాను. నరసాపురం దగ్గర వశిష్ఠ గోదావరి ఒడ్డున ఉండి, ఈ బట్టకు తన పేరిచ్చిన మాధవాయిపాలెంలో పదిహేడో శతాబ్దంలోనే ఈస్టిండియా కంపెనీ వర్తకస్థానం పెట్టుకొని, మన నేతగాళ్ళ బట్టను ఓడలకెక్కించింది. తరువాత అదే రకం బట్టను ఇంగ్లండు మిల్లులు నేశాయి. అమ్మమ్మగారి ఊరు వెళ్ళడానికి పంటు ఎక్కి సఖినేటిపల్లి వైపు దాటినప్పుడల్లా నాకది ఒక రేవు మాత్రమే. గోదావరి ఒడ్డున మొదలైన నేత ఈ విమానానికి పైతొడుగయిందని ఊళ్ళో ఎవరూ నాకు చెప్పలేదు. బళ్ళో చెప్పవలసిన సంగతి ఇది.

పెద్దాయనకు ఫోనులో ఆ రేవును చూపించాను. ఆయన కళ్ళద్దాలు సవరించుకొని చాలాసేపు చూసి, అక్కడ ఇప్పటికీ నేస్తారా అని అడిగారు. ఇప్పుడు నరసాపురానికి ఆ చుట్టుపక్కల స్త్రీలు అల్లే లేసు వల్లే పేరు అని చెప్పాను. ఊరి పేరు అక్షరమక్షరం అడిగి రాసుకొని, తరువాత వచ్చిన సందర్శకులకు రెక్క చూపిస్తూ ముందు ఆ బట్ట సంగతే ఎత్తుకున్నారు.