క్రాంకు మార్చాలా, బ్లాకే మార్చాలా?

గత ఫిబ్రవరిలో మా 1972 షెవర్లే సి10 పికప్ ఇంజన్ బోరుకు వచ్చింది, అంటే సిలిండర్ గోడలు అరిగిపోయాయి. ఉదయం స్టార్ట్ చేయగానే వెనక నీలం పొగ. ఆరు నెలలు మాతో ఉండడానికి విజయవాడ నుంచి వచ్చిన నాన్న, డల్లాస్ చలికి శాలువా కప్పుకొని గ్యారేజీలో నిలబడి, పొగ వాసన చూసి, "రింగులతో పోయేది కాదురా ఇది, బోరే పోయింది" అన్నారు. ఆటోనగర్‌లో ముప్పై రెండేళ్లు లారీ బ్లాకులకు, అంటే సిలిండర్లుండే ఇనుప దిమ్మలకు, బోరు కొట్టి వెడల్పు చేసిన చేయి ఆయనది. ఇంజన్ దించి, సిలిండర్లకు మూతల్లా ఉండే హెడ్లు విప్పాక సిలిండర్ పైఅంచు దగ్గర గోరు పెట్టి చూపించారు. రింగు ఆడే చోటుకూ ఆడని చోటుకూ మధ్య గోరు తట్టుకుని ఆగేంత మెట్టు పడింది.

ఎలాగూ విప్పాం. మళ్లీ పాత 350 ఇంజన్‌నే పాత కొలతలతో బిగించడం నాకు ఇష్టం లేదు. ఈ బండి పెరటి తోటకు మట్టి మోస్తుంది, వేసవిలో చిన్న పడవను లేక్ టెక్సోమా దాకా లాగుతుంది. 75వ నంబరు హైవే మీద పడవతో ఎత్తు ఎక్కేటప్పుడు గేరు తగ్గించి ఇంజన్‌ను అరిపించాల్సి వచ్చేది. నాకు కావలసింది వేగం కాదు, తక్కువ తిరుగుడులోనే లాగే బలం. దానికి ఇంజన్ సామర్థ్యం పెంచాలి. ఎలా పెంచాలన్న దాని మీద ఇంట్లో రెండు నెలలు చర్చ నడిచింది.

మా ఇంజన్ బోరు, అంటే సిలిండర్ వెడల్పు, కంపెనీ కొలతల్లో 4.00 అంగుళాలు. స్ట్రోకు, అంటే పిస్టన్ పైకీ కిందికీ నడిచే దూరం, 3.48. ఎనిమిది సిలిండర్లకు కలిపి 350 ఘనపుటంగుళాలు, అంటే 5.7 లీటర్లు. షెవర్లేవాళ్లు 1970లో ఇదే కుటుంబంలో 400 తెచ్చారు. దాని స్ట్రోకు 3.75. ఆ పొడవు స్ట్రోకు క్రాంకును, అంటే పిస్టన్లు తిప్పే ఇరుసును, 350 బ్లాకులో కూర్చోబెట్టి, బోరు 0.030 అంగుళం పెంచితే 383 అవుతుంది. అమెరికాలో స్ట్రోకర్, అంటే స్ట్రోకు పెంచిన ఇంజన్, అనగానే చాలామందికి ముందు గుర్తొచ్చే లెక్క ఇదే. మొదట్లో 400 క్రాంకునే తెచ్చి, దాని మెయిన్ జర్నళ్లను (బ్లాకు బేరింగుల్లో కూర్చునే భాగాలను) 2.65 అంగుళాల నుంచి 350కి సరిపోయే 2.45కు గ్రైండ్ చేసేవారు. ఇప్పుడు ఆ కొలతతోనే కొత్త క్రాంకులు దొరుకుతున్నాయి.

పెరిగిన 33 ఘనపుటంగుళాలలో 27 ఒక్క స్ట్రోకు వల్ల వచ్చినవే. బోరు వల్ల వచ్చింది ఆరుకు లోపే. ఈ లెక్క అట్టముక్క మీద వేసి చూపించినప్పుడు నాన్న చాలాసేపు మాట్లాడలేదు. ఆయన వృత్తి అంతా బోరు వైపే నడిచింది. బోరు కొట్టి ఓవర్‌సైజు పిస్టన్ వేయడం, ఆ అవకాశమూ అయిపోతే సిలిండర్‌లోకి గొట్టంలాంటి లైనర్ దించడం. క్రాంకును గ్రైండింగుకు పంపేది బేరింగుల కోసమే తప్ప స్ట్రోకు కోసం కాదు. మనకు బాగా తెలిసిన పాత బుల్లెట్‌నే చూడండి. 350కి బోరు 70 మిల్లీమీటర్లు, 500కు 84. స్ట్రోకు మాత్రం రెండింటికీ 90. పెద్ద ఇంజన్ అంటే పెద్ద బోరు అని మన కంటికి అలవాటైపోయింది.

"స్ట్రోకు పెంచితే పిస్టన్ పైకొచ్చి హెడ్డును కొట్టదూ?" అని అడిగారు చివరికి. అడగాల్సిన ప్రశ్న అదే. క్రాంకు పిన్ను కేంద్రం నుంచి 3.4 మిల్లీమీటర్లు అవతలికి జరుగుతుంది. పిస్టన్ ఆ మేరకు పైకీ వస్తుంది, కిందికీ పోతుంది. అందుకే స్ట్రోకర్ పిస్టన్‌లో, పిస్టన్‌నూ క్రాంకు నుంచి వచ్చే రాడ్డునూ కలిపే గడ్జన్ పిన్ను రంధ్రాన్ని పైకి జరుపుతారు. పాత పిస్టన్‌లో పిన్ను నుంచి పైతలం దాకా 1.56 అంగుళాలుంటే, మేము కొన్నదాంట్లో 1.425. నాన్న రెండు పిస్టన్లను బల్ల మీద పక్కపక్కన పెట్టి, రెండు పిన్నులూ దూర్చి చూసి, "తిరగలి పిడిని అంచుకు జరిపినట్టు. బలం కలిసొస్తుంది, చేయి తిరగాల్సిన చుట్టూ పెరుగుతుంది" అన్నారు. నేను చదివిన ఏ పుస్తకంలోనూ దీన్ని ఇంత స్పష్టంగా చెప్పలేదు.

ఆ పెరిగిన చుట్టుకు కట్టాల్సిన మూల్యం ఉంది. నిమిషానికి 5,500 చుట్ల దగ్గర పిస్టన్ సగటు వేగం సెకనుకు 16.2 మీటర్ల నుంచి 17.5కు పోతుంది. రాడ్డు మరింత వాలుగా పనిచేయడంతో పిస్టన్ సిలిండర్ గోడను పక్కకు ఎక్కువగా నెడుతుంది. 6 అంగుళాల రాడ్డు వేస్తే ఆ వాలు కొంత తగ్గుతుంది కానీ, పిన్ను ఇంకా పైకి పోయి నూనె రింగు గాడిలోకి చొచ్చుకొస్తుంది. ఏళ్ల తరబడి నడవాల్సిన బండిలో అది వద్దనుకుని 5.7 అంగుళాల రాడ్డుకే కట్టుబడ్డాం. మా బండిని 5,500 దాటి తిప్పే పనే లేదు.

ఇంతలో తెలిసినవాళ్ల దగ్గర ఒక 454 అమ్మకానికి వచ్చింది. అది బిగ్ బ్లాకు. బోరు 4.25, స్ట్రోకు 4.00, 7.4 లీటర్లు. ఆ తరం సి10లలో కంపెనీయే బిగ్ బ్లాకు పెట్టి అమ్మేది కాబట్టి పట్టదన్న భయం లేదు. గేరుబాక్సు బోల్టులూ అవే సరిపోతాయి. కానీ ఇంజన్ మౌంటు బ్రాకెట్లు, ఎగ్జాస్టు, ఆల్టర్నేటర్ బ్రాకెట్లు, రేడియేటర్, ముందు స్ప్రింగులు ఒకదాని వెంట ఒకటి మార్చుకుంటూ పోవాలి. ముందు చక్రాల మీద దాదాపు 50 కిలోల బరువు పెరుగుతుంది. ఇంజన్ లేని బండితో మొదలుపెట్టి, రోజూ బరువైన ట్రెయిలర్ లాగాల్సి ఉంటే మాత్రం నేను స్ట్రోకర్ ఊసే ఎత్తను. నేరుగా 454 కొంటాను. అంత ఇంజన్‌తో సమానంగా లాగాలని చిన్న బ్లాకును పిండడం తప్పు. మా చిన్న పడవకు అంత అవసరం లేదు.

నిజంగా ఊరించింది 400 బ్లాకు. స్ట్రోకు అదే 3.75, బోరు 4.125. బయటి కొలతల్లో మా 350 లాంటిదే, బరువులో పెద్ద తేడా లేదు. వేకో దగ్గర ఒకాయన కొట్టంలో ఉందని తెలిసి, ఒక శనివారం ఇద్దరం వెళ్లాం. బోరు పెద్దదైతే వాల్వు చుట్టూ గాలికి చోటు పెరుగుతుంది, అది నిజమైన లాభమే. అయితే అంత బోరు ఇరికించడానికి పక్కపక్క సిలిండర్ల గోడలను కలిపేసి పోతపోశారు. రెంటి మధ్య నీళ్లు తిరగవు. అక్కడ చేరే ఆవిరి పోవడానికి బ్లాకు పైతలంలో చిన్న రంధ్రాలు పెట్టారు. హెడ్డులోనూ అవే రంధ్రాలు ఉండాలి.

బ్లాకు చూడడానికి శుభ్రంగానే ఉంది. కడిగి, నూనె పూసి పెట్టారు. అమ్మే ఆయన పగుళ్లు లేవని గట్టిగా చెప్పాడు. నాన్న నా చేత కారులోంచి రెండు వస్తువులు తెప్పించారు. ఒక సీసా కిరోసిన్, మా అమ్మాయి వాకిట్లో బొమ్మలు గీసే లావు సుద్దముక్క. పైతలమంతా కిరోసిన్ పూసి, పావుగంట ఆగి, పొడిగుడ్డతో నొక్కి తుడిచి, సుద్ద రుద్దారు. కాసేపటికి తెల్లటి సుద్ద మీద మూడో సిలిండర్ దగ్గర ఆవిరి రంధ్రం నుంచి బోల్టు రంధ్రం వైపు వెంట్రుకంత సన్నటి తడి గీత తేలింది. పగుల్లో దాగిన కిరోసిన్‌ను సుద్ద బయటికి లాగింది. అమ్మే ఆయన వంగి చూసి, ఇంకేమీ అనకుండా మాకు మంచినీళ్లు తెచ్చి ఇచ్చాడు. 400లన్నీ ఇలాగే ఉంటాయని నేను అనను. మంచి బ్లాకు దొరికి ఉంటే ఈ కథ ఇంకోలా నడిచేది.

తిరిగి వచ్చే దారిలో నాన్న ఒక్కటే అడిగారు. "మన బ్లాకు ఇంకెంత బోరు తింటుందో చూడకుండా క్రాంకు బేరం చేస్తున్నావేమిటి?"

నేను చేసిన పెద్ద పొరపాటు అదే. రెండు నెలలు క్రాంకులూ హెడ్లూ పోల్చుకుంటూ కూర్చున్నాను తప్ప, మా బ్లాకు గోడ మందం కొలిపించలేదు. పాత పిస్టన్ల తల మీద 030 అని ముద్ర ఉంది, అంటే ఇదివరకే ఒకసారి బోరు కొట్టారు. బ్లాకు వెనక పోత సంఖ్య 3970010. చాలా మంది వెతుక్కునే పోతే. అయినా సంఖ్యను బట్టి గోడ మందం తెలియదు. పోత పోసేటప్పుడు లోపలి అచ్చు కొద్దిగా పక్కకు జరిగితే సిలిండర్‌కు ఒక వైపు మందంగా, ఇంకో వైపు పల్చగా వస్తుంది.

యంత్రశాలలో డెబ్బై దాటిన పెద్దాయన ఒక్కో సిలిండర్ చుట్టూ శబ్దతరంగాల మీటరు ఆనించి సంఖ్యలు రాసుకున్నారు. నాన్నకు ఆయన ఇంగ్లీషు అర్థం కాలేదు, ఆయనకు నాన్న తెలుగు అర్థం కాలేదు. కాగితం మీది అంకెలు ఇద్దరికీ అర్థమయ్యాయి. అన్నిటికన్నా పల్చటి చోట 0.160 అంగుళం. ఏడో సిలిండర్ అరుగుదల చూస్తే, మొదటి 4.00 బోరు మీద మొత్తం 0.040 పెంచితే శుభ్రపడుతుంది. అంటే గోడ మీద ఇంకో ఐదు వెయ్యోవంతులు మాత్రమే పోతాయి. 0.060కు పోవాల్సి వచ్చి ఉంటే, టెక్సస్ ఆగస్టు ఎండలో వేడెక్కే బ్లాకు మీద క్రాంకు ఖర్చు పెట్టేవాణ్ని కాదు, ఇంకో బ్లాకు వెతికేవాణ్ని. స్ట్రోకరే అని ఖాయం చేసింది ఆ కాగితం. 4.040 బోరుతో మాది 383 కాదు, 385 అయింది.

హెడ్ల సంగతి తొందరగా చెప్పేస్తాను. సామర్థ్యం పెంచి పాత హెడ్లే బిగిస్తే ఇంజన్ ముందే ఊపిరి అందక ఆగిపోతుంది. 1.94 అంగుళాల ఇన్‌టేక్ వాల్వులున్న మా పాత హెడ్లు తీసి, 2.02 ఉన్న అల్యూమినియం హెడ్లు వేశాం. స్ట్రోకు పెరిగితే కంప్రెషన్ కూడా పెరుగుతుంది, ఇది చాలామంది మరిచిపోతారు. గుంట ఉన్న పిస్టన్లు తీసుకుని కంప్రెషన్ నిష్పత్తిని 9.6 దగ్గర ఆపాం.

అసలు పని క్రాంకును ఉత్తినే కూర్చోబెట్టి తిప్పి చూసినప్పుడు మొదలైంది. రెండో సిలిండర్ రాడ్డు బోల్టు తల, ఆయిల్ పాన్ అంచు దగ్గర బ్లాకుకు 'టక్' మని తగిలింది. అక్కడ ఇనుము తొలగించాలి. ఎక్కువ తొలిస్తే వెనకే నీటి జాకెట్టు, బ్లాకు చెత్తబుట్టకే. చిన్న గ్రైండరు నా చేతిలోంచి నాన్న తీసుకున్నారు. కళ్లద్దాలు సరిచేసుకుని, ఊపిరి బిగబట్టి, బొటనవేలి గోరంత గుంట. ఆపి, తుడిచి, క్రాంకు తిప్పి, ఒకటిన్నర మిల్లీమీటర్ల తీగను సందులో దూర్చి చూడడం. దూరకపోతే ఇంకో రెండు సెకన్లు గ్రైండరు. ఎనిమిది చోట్ల ఇలాగే. తర్వాత రాడ్లకూ, వాల్వులు తెరిచే కామ్‌షాఫ్టుకూ మధ్య అదే తీగ. ఒక మధ్యాహ్నమంతా దానికే సరిపోయింది. ఆ సాయంత్రం బ్లాకును సబ్బునీళ్లతో నాలుగుసార్లు కడిగాం. నూనె దారుల్లో ఇనుప రజను ఒక్క పలుకు మిగిలినా కొత్త బేరింగులు గీతలు పడతాయి.

జూన్‌లో ఇంజన్ లేచింది. కొత్త కామ్ కోసం మొదటి ఇరవై నిమిషాలు 2,000 చుట్ల దగ్గరే ఉంచాం. ఐదు వందల మైళ్లు ఒట్టి బండి తిప్పాక, నాన్న తిరుగు ప్రయాణానికి పది రోజుల ముందు పడవ కట్టుకుని టెక్సోమాకు బయలుదేరాం. గేరు తగ్గించాల్సి వచ్చే ఎత్తు దగ్గర నా చేయి అలవాటుగా లీవరు మీదికి పోయింది. అవసరం పడలేదు. పై గేరులోనే, 2,200 చుట్ల దగ్గర, కుదుపు లేకుండా ఎక్కేసింది. నీటి వేడి ముల్లు 190 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర కదలకుండా నిలబడింది.

నాన్న దాన్నేమీ పట్టించుకోలేదు. తల కొంచెం వంచి వింటున్నారు. "కుడివైపు టాపెట్ ఒకటి మోగుతోంది, వినపడటం లేదూ?" అన్నారు. నాకు వినపడలేదు. ఇంటికొచ్చి కుడి వాల్వు కవరు విప్పాం. ఆరో సిలిండర్ ఎగ్జాస్టు రాకర్ నట్టు పావుచుట్టు వదులైంది.