ముప్పై ఆరేళ్లకు తెలిసిన ఏడీహెచ్‌డీ

విజయవాడ గవర్నర్‌పేటలో ఒక ఆడిటర్ గారి దగ్గర పనిచేస్తాను. జీఎస్టీ రిటర్నుల గడువు ముంచుకొస్తే తెల్లవార్లూ కూర్చుని పూర్తి చేసేస్తాను. మామూలు రోజుల్లో మాత్రం ఒక ఫైలు తెరిచి పది ఎంట్రీలు వేయడం కూడా నా వల్ల అయ్యేది కాదు. మొదట చూపించుకున్న చోట సరిగా వినకుండానే టెన్షన్ అన్నారు, నిద్రమాత్రలు రాశారు. ఆ తర్వాతే సూర్యారావుపేటలో ఇంకో సైకియాట్రిస్ట్ దగ్గరికి వెళ్లాను.

ఏడీహెచ్‌డీ అంటే చిన్నప్పటి నుంచే ధ్యాస, స్థిమితం నిలవని సమస్య. దాన్ని పట్టిచ్చే స్కాన్ గానీ రక్తపరీక్ష గానీ లేదని ఆవిడ ముందే చెప్పారు. థైరాయిడ్ పరీక్ష మాత్రం చేయించారు. నిద్ర ఎలా ఉంది, దిగులుగా ఉంటోందా అని చాలాసేపు అడిగారు, వాటి వల్ల కూడా ధ్యాస తప్పుతుందట. 18 ప్రశ్నల పత్రం నింపించారు, కానీ దాంతోనే తేల్చలేదు.

"పన్నెండేళ్ల లోపే కొన్ని లక్షణాలు కనిపించి ఉండాలమ్మా. చిన్నప్పుడు మిమ్మల్ని చూసినవాళ్లు ఎవరైనా రాగలరా?"

తెనాలి నుంచి అమ్మ వచ్చింది. పిచ్చి డాక్టరు దగ్గరికా అని దారంతా భయపడింది. లోపలికి వెళ్లాక మాత్రం తనే మాట్లాడింది. పుస్తకాల సంచీ ఇంట్లో వదిలేసి బడికి వెళ్లిపోయిన రోజు, చింతపండుకి పంపితే కొట్టు దాకా వెళ్లి ఏం తేవాలో అడగడానికి తిరిగొచ్చిన రోజు, అన్నీ చెప్పింది. "ఊరికే కొట్టానండీ దాన్ని" అని ఏడ్చేసింది. నాకూ ఏడుపు ఆగలేదు. రోగం పేరు కన్నా ఆ మాటే నాకు ఎక్కువ ఊరటనిచ్చింది.

బీపీ, పల్స్ చూసి, ఇంట్లో ఎవరికైనా గుండె జబ్బు ఉందా అని అడిగి, ధ్యాస నిలవడానికి ఇచ్చే మిథైల్‌ఫెనిడేట్ అనే మందు తక్కువ డోసులో మొదలుపెట్టారు. ఇది షెడ్యూల్ ఎక్స్ మందు, అంటే గట్టి నియంత్రణ ఉన్న జాబితాలోది, అమ్మడానికి ప్రత్యేక లైసెన్స్ కావాలి కాబట్టి చాలా షాపుల్లో దొరకదు. చీటీ రెండు ప్రతులుగా రాయించుకోవాలి, ఒకటి షాపువాళ్లే ఉంచుకుంటారు. ఫోన్ కన్సల్టేషన్‌లో ఈ మందు రాయకూడదు. అందుకే అయిపోకముందే డాక్టరును కలవాలి.

మధ్యాహ్నం ఆకలి వేయడం లేదు, అందుకని పొద్దున టిఫిన్ తిన్నాకే మాత్ర వేసుకుంటున్నాను. మందుతో అన్నీ చక్కబడవు, పనులు రాసిపెట్టుకుని చేయడం కౌన్సెలింగ్‌లో నేర్చుకుంటున్నాను. కానీ పట్టపగలే ఫైలు పూర్తవుతోంది.

ఇది కుటుంబాల్లో నడుస్తుందని విన్న దగ్గర్నుంచి అమ్మకి మా అన్న కొడుకు మీదే ధ్యాస. వాణ్ణి కొట్టనివ్వడం లేదు. వేసవి సెలవుల్లో వాణ్ణీ చూపిస్తున్నాం.