మోదుగ పూసిందంటే నా నడక సగంలోనే ఆగిపోతుంది

వసంతంలో పిట్టల ఫోటోలు తీయాలంటే ఎక్కడికి వెళ్లాలని చాలామంది అడుగుతుంటారు. ఎక్కడికీ వద్దంటాను. రోజూ నడిచే దారిలోనే ఆకులన్నీ రాల్చేసి పూలతో నిండిన చెట్టు ఏదుందో చూసుకుని, దాని దగ్గర ఆగిపోండి. ఈ కాలంలో నడిచేవాళ్లకంటే నిలబడేవాళ్లకే ఎక్కువ కనిపిస్తాయి.

నాకు ఆ చెట్టు మోదుగ. ఫిబ్రవరి, మార్చి నెలల్లో కొమ్మల మీద ఆకు దాదాపుగా ఉండదు, గుత్తులు గుత్తులుగా కాషాయం పూలే. ఆకు అడ్డం లేకపోతే ఫోకస్ ఎంత హాయిగా కుదురుతుందో కెమెరా పట్టినవాళ్లకి తెలుసు. తేనె కోసం గోరువంకలు, ఉడతలు, తేనెపిట్టలు వస్తూనే ఉంటాయి. బూరుగ చెట్టయితే ఇంకా సందడి. కాకులు, పసులపోలిగాళ్లు కూడా ఆ దొప్పల్లాంటి ఎర్రపూలలో ముక్కు ముంచి తాగుతాయి.

వీటన్నిటిలో నన్ను కట్టిపడేసేది మగ ఊదా తేనెపిట్ట. మహా అయితే పది సెంటీమీటర్ల పిట్ట. నీడలో ఉంటే ఉత్త నలుపే కనిపిస్తుంది. మెడ కొంచెం తిప్పి ఎండ తగిలిందో, ఊదా, నీలం, ఆకుపచ్చ ఒక్కసారిగా మెరుస్తాయి. ఆ మెరుపు ఈకలకి పట్టిన రంగు కాదు, ఈకల్లోని అతి సూక్ష్మమైన నిర్మాణం మీద వెలుగు పడి పుట్టేది. అందుకే సూర్యుడు మన వీపు వైపు ఉండేలా నిలబడాలి. పాడేటప్పుడు రెక్క మొదట్లో పసుపు, ఎరుపు కలిసిన చిన్న ఈకల కుచ్చు బయటికొస్తుంది. అది ఫోటోలో పడిన రోజు నాకు పండగే! జతకట్టే కాలం అయిపోయాక మగపిట్ట ఈ మెరుపు ఈకలు రాల్చేసుకుంటుంది. కింది భాగమంతా పసుపు, మధ్యలో ఒక నల్ల చార మిగులుతుంది. కాబట్టి చూడాల్సింది ఇప్పుడే.

సెట్టింగ్స్ అడిగేవాళ్ల కోసం: షట్టర్ వేగం సెకనులో 1/2000 వంతు దగ్గర పెడతాను, ఐఎస్ఓ (వెలుగుకి కెమెరా స్పందించే స్థాయి) పెరిగినా పట్టించుకోను. నల్లటి పిట్ట ఫ్రేమ్ నిండా ఉంటే కెమెరా దాన్ని బూడిద రంగులోకి లాగాలని చూస్తుంది. ఎక్స్‌పోజర్, అంటే ఫోటోలో వెలుగు, కొంచెం మైనస్‌లోకి తెస్తే నలుపు నలుపుగా నిలుస్తుంది. ఫోకస్ మాత్రం కంటి మీదే.

మొన్న రోజూ ఎదురయ్యే ఒక పెద్దాయన ఆగి, "ఏమ్మా, ఇంతసేపు ఆ చెట్టులో ఏం చూస్తున్నావు?" అన్నారు. స్క్రీన్ మీద తేనెపిట్టని పెద్దది చేసి చూపించాను. "రోజూ చూస్తూనే ఉన్నా, నల్లపిట్టే అనుకున్నానమ్మా" అని, చాలాసేపు తల పైకెత్తి అలాగే నిలబడిపోయారు. నాకు చెప్పలేనంత సంతోషం కలిగింది.

చెవులు కూడా పని చేయాలి. టుక్, టుక్, టుక్ అని ఆగకుండా వినిపిస్తే అది కంసాలి పిట్ట. నోరు మూసుకునే, గొంతు ఉబ్బించి కూస్తుంది. తల అటూ ఇటూ తిప్పడంతో శబ్దం ఎటునుంచి వస్తోందో అంతుపట్టదు. పొద్దున్నే అయితే చెట్టు చిటారున ఎండుకొమ్మ మీద వెతకండి, ఎండ కాచుకుంటూ దొరుకుతుంది. కూసే కోకిల మగది, నల్లనిది. ఆడది గోధుమ రంగు ఒంటి మీద తెల్ల చుక్కలతో ఎక్కువగా ఆకుల చాటునే ఉంటుంది. రెండింటికీ కళ్లు ఎర్రగా ఉంటాయి.

ఒక్క విషయంలో మాత్రం నేను మొండిదాన్ని. గూళ్ల ఫోటోలు తీయను. ఆడ తేనెపిట్ట సాలెగూటి పోగులతో గడ్డీ గాదం అతికి, పక్కన గుమ్మం పెట్టి, కొమ్మకి వేలాడే గూడు కడుతుంది. దాని ముందు మనం నిలబడినంతసేపూ తల్లి లోపలికి రాదు, గుడ్లు గాలికి పడి ఉంటాయి. మన చూపు ఎటుందో గమనించే కాకులు ఉండనే ఉంటాయి. ఫోటో బాగా రావాలని గూటి ముందు రెమ్మలు విరిచేవాళ్లని చూస్తే నాకు కడుపు రగిలిపోతుంది. ఫోన్‌లో కూత వినిపించి పిట్టని రప్పించడమూ వద్దు. శత్రువు వచ్చాడనుకుని అది తిండి మానేసి వెతుక్కుంటుంది, పాపం.

మోదుగ పూలు రాలిపోయాక కానుగ వంతు. కొత్త ఆకు, లేత ఊదా పూలు, వాటి చుట్టూ తేనెటీగలు, సీతాకోకచిలుకలు. అప్పుడు పెద్ద లెన్స్ ఇంట్లో పెట్టేసి మాక్రో, అంటే చిన్న జీవుల్ని బాగా దగ్గర నుంచి, తీస్తాను. సీతాకోకచిలుకలు పొద్దున్నే రెక్కలు విప్పి ఎండలో కదలకుండా కూర్చుంటాయి. ఒళ్లు వేడెక్కాక ఒక్కచోట నిలవవు, కాబట్టి ఎండెక్కకముందే వెళ్లండి.